కట్ట కట్టునాడే తూము పెట్టవలెను

కంభం చెరువు కట్టపై నిలిచి చూచిన ప్రతివారికి ఒక విషయము స్ఫురింపక మానదు. కొండల నడుమ గుండ్లకమ్మను నిలువరించి, శతాబ్దముల క్రిందట ఆ చెరువును నిర్మించిన పెద్దలు కట్టతోపాటే తూములను కూడ అమర్చిరి. కట్ట పూర్తియై నీరు నిండిన పిదప దానిని త్రవ్వి తూము పెట్టుట ఎవరి తరమును కాదు. ఆ నీటి ప్రయోజనమంతయు ఆ ముందుచూపుపైననే ఆధారపడియున్నది.

నేడు మార్కాపురం, గిద్దలూరు, కంభం, పొదిలి, కనిగిరి పట్టణములలో వెలయుచున్న దుకాణ సముదాయములను, కల్యాణ మండపములను, లాడ్జీలను చూచినపుడు మాకు ఈ విషయమే జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆ భవనములలో షట్టర్లకు, మెట్లకు, నామఫలకములకు స్థలము కలదు. కాని ముంగిట నిలుచు విద్యుత్ వాహనమునకు విద్యుత్తు నందించు ఏర్పాటు మాత్రము చాలవరకు కానరాదు. తీగ దూర్చుటకు ఒక గొట్టమైనను వేయవలెనన్న ఆలోచన అరుదు. కట్ట కట్టుచున్నారు, తూము మరచుచున్నారు. ఈ లోపమును గూర్చి విద్యార్థి లోకమునకును, మన కళాశాల కమిటీ పెద్దలకును నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

"ఇది హైదరాబాదు, విశాఖపట్నముల వారి చింత, వర్షములకును, త్రాగునీటికిని ఎదురు చూచు మన పశ్చిమ ప్రకాశమునకు దీనితో పనియేమి?" అని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న సహజమే. 1970లో కర్నూలు, నెల్లూరు జిల్లాల నుండి విడివడి కొత్త జిల్లాలో చేరిన నాటి నుండియు మన తాలూకాలు ప్రతి సౌకర్యమునకును చివరి వరుసలో నిలిచి ఎదురుచూచుటకు అలవాటుపడినవి. కాని విద్యుత్ వాహనము మన అనుమతికై ఆగలేదు. విద్యుత్ స్కూటర్లు మన బజారులలో తిరుగుచున్నవి. బ్యాటరీ ఆటోలును కనిపించుచున్నవి. కేంద్ర ప్రభుత్వము 2019 ఆగస్టు 1 నుండి ఈ వాహనములపై జి.ఎస్.టి.ని 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గించినది. మన రాష్ట్ర ఆర్.టి.సి. 2022 సెప్టెంబరులో తిరుమల–తిరుపతి మార్గమున విద్యుత్ బస్సులను ప్రవేశపెట్టినది. ఆ బస్సులకు అలిపిరి డిపోలో ఛార్జింగు ఏర్పాట్లు చేసిరి. అనగా వాహనమును, అది విశ్రమించు చోటును, దానికి కావలసిన విద్యుత్తును ఒకే ఆలోచనలో ఇమిడ్చిరి. మన పట్టణములు గ్రహింపవలసిన మొదటి పాఠమిదియే. ఛార్జింగు స్థానమును వాహనము ఆగు చోటునకు తీసికొని పోవలెను గాని, వాహనమును ఛార్జింగు కొరకు ఊరంతయు త్రిప్పరాదు.

చట్టము ఈ విషయమున అడ్డు నిలుచుట లేదు. వాహనమునకు ఛార్జింగు చేయుట విద్యుత్తును అమ్ముట క్రిందకు రాదనియు, దానికి 2003 విద్యుత్ చట్టము క్రింద లైసెన్సు అక్కరలేదనియు కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టపరచినది. కావున నిర్ణీత భద్రతా ప్రమాణములను పాటించు పక్షమున కిరాణా వర్తకుడైనను, హోటలు యజమానియైనను, విద్యాసంస్థయైనను ఈ సేవను అందింపవచ్చును. 2019లో కేంద్ర పట్టణ వ్యవహారముల శాఖ తన ఆదర్శ భవన నిబంధనలను సవరించి, భవనములలోని వాహన స్థలములో 20 శాతమునకు ఛార్జింగు వసతి ఉండవలెనని సూచించినది. ఆ నిబంధనలు ఆదర్శప్రాయములే. రాష్ట్రములు స్వీకరించినపుడే అవి శాసనమగును. అయినను వానిలోని వివేకమును గ్రహించుటకు శాసనము కొరకు వేచియుండ నక్కరలేదు.

ఇక అసలు సమస్యకు వత్తుము. ఛార్జింగు కేంద్రమనగానే మన మనస్సులలో మెదలు చిత్రమేది? జాతీయ రహదారి ప్రక్కన నిలువెత్తు యంత్రము, దాని ముందు ఒక ఖరీదైన కారు. మన ప్రాంతపు పెట్టుబడిదారులు గూడ ఆ చిత్రమునే చూచి, "అంత ధనము పెట్టిన పిదప కార్లు రాకున్న మా గతియేమి?" అని వెనుకాడుచున్నారు. వారి భయము నిరాధారము కాదు. కాని ఆ చిత్రమే మన పట్టణములకు తగినది కాదని మా అభిప్రాయము.

మన ఊళ్లలో వాహనమనగా ముందు ద్విచక్ర వాహనము, తరువాత ఆటో. కారు మూడవది. సంత నాడు మార్కాపురం బజారులోగాని, గిద్దలూరు బస్టాండు ముందుగాని ఒక గంట నిలిచి లెక్కించిన ఎవరికైనను ఈ సత్యము బోధపడగలదు. ఊరికి ఎడముగా నున్న మార్కాపురం రోడ్డు రైల్వేస్టేషనులో బండి దిగిన ప్రయాణికుని ఇల్లు చేర్చునది ఆటోయే. కావున మన ప్రణాళిక ఆటో నుండియు, స్కూటరు నుండియు ఆరంభము కావలెను.

ఒక చిన్న లెక్క చూతము. ఒక మోస్తరు దుకాణ సముదాయమున 10 స్కూటర్లకు, 4 ఆటోలకు, 1 కారుకు నెమ్మదిగా ఛార్జింగు చేయు వసతి కల్పించినామనుకొందము. స్కూటరు ఒక్కింటికి 1 కిలోవాటు చొప్పున 10, ఆటో ఒక్కింటికి 3 చొప్పున 12, కారుకు 7: వెరసి 29 కిలోవాట్లు. ఇవన్నియు ఒకే క్షణమున పూర్తి శక్తిని లాగుట అరుదు గనుక, వంతుల వారీగా పంచు చిన్న సాధనమును అమర్చినచో ఇంకను తక్కువతో సరిపోవును. దీనికి బదులుగా కార్ల కొరకు 60 కిలోవాట్ల వేగపు ఛార్జరు ఒక్కటి పెట్టినచో, అది ఒక్కటియే ఇట్టి రెండు భవనములకు సరిపడు విద్యుత్తును కోరును. దానికి తగిన ట్రాన్స్‌ఫార్మరు, బలమైన కేబులు, అధిక పెట్టుబడి తప్పవు. ఒకచోట పదునైదు వాహనములు, మరొకచోట ఒక్క కారు! ఏది మన అవసరమో చెప్పుటకు ఇంజనీరే కానక్కరలేదు.

ఆటో నడుపువాని పక్షమున మరొక లెక్క. ప్రయాణికుల ఆటో బ్యాటరీ సుమారు 8 యూనిట్లు పట్టునదనుకొందము. మధ్యలో కలుగు నష్టముతో కలిపి 10 యూనిట్లు ఖర్చగును. యూనిటు 10 రూపాయల లెక్కన వేసినను 100 రూపాయలు. ఆ ఛార్జింగుతో ఇంచుమించు 100 కిలోమీటర్లు తిరిగినచో, అదే దూరమునకు లీటరు వంద రూపాయల లెక్కన మూడు లీటర్ల డీసెలు 300 రూపాయలగును. రోజుకు మిగులు 200 రూపాయలు ఆ ఇంటి బిడ్డ చదువునకు ఎంత ఆధారమో మన విద్యార్థులలో పెక్కుమందికి మేము చెప్పనక్కరలేదు. అయితే ఆ మిగులు చేతికి అందవలెనన్న ఒక నిబంధన కలదు. మధ్యాహ్నము అతడు అన్నము తిను వేళ బండికి గూడ తిండి దొరకవలెను. 3 కిలోవాట్ల సాధనముపై ఒక్క గంట నిలిపినచో మరి 30 కిలోమీటర్ల శక్తి చేరును. ఆ వసతి హోటలు ముంగిటనో, మార్కెట్టు ప్రక్కననో లేనిచో, అతడు సగము రోజున బండిని ఇంటికి మరలింపవలసి వచ్చును. అప్పుడు లాభమంతయు నష్టములో కలియును.

ఇంతమాత్రమున వేగపు ఛార్జర్లు మనకు వలదని మా వాదము కాదు. వానికి తగిన తావులు వేరు. దోర్నాల అట్టి తావు. అచటి నుండి శ్రీశైలమునకు సుమారు 50 కిలోమీటర్ల మేర నల్లమల అడవి, ఎక్కుడు దారి. రాత్రివేళ ఆ మార్గమున రాకపోకలపై నిర్బంధము గలదు. యాత్రికుడు దోర్నాలలో ఆగుట అనివార్యమైనపుడు, ఆ విరామమే ఛార్జింగునకు అనువైన సమయము. గిద్దలూరు మరొక తావు. నంద్యాల వైపు పోవు వాహనము ఘాటు ఎక్కుటకు ముందు శక్తిని సమకూర్చుకొనవలెను. కొండ ఎక్కునపుడు బ్యాటరీ త్వరగా తరుగును. దిగునపుడు కొంత తిరిగి చేరును. ప్రధాన రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకు ఒక కేంద్రముండవలెనని కేంద్ర మార్గదర్శకములు 2018లోనే సూచించినవి. ఆ పని రహదారి ప్రక్కనున్న హోటళ్లును, పెట్రోలు బంకులును వహింపవచ్చును. పట్టణము లోపలి దుకాణముల పని అది కాదు. ఎవరి పని వారు గుర్తెరిగిన నాడు పెట్టుబడి వ్యర్థము కాదు.

కొత్తగా కట్టడము తలపెట్టిన యజమాని చేయవలసినది స్వల్పము. పునాది వేయునపుడే మీటరు గది నుండి వాహన స్థలము వరకు రెండు గొట్టములు పూడ్పించుట. ప్యానెలు బోర్డులో నాలుగు ఖాళీ గడులు ఉంచుట. విద్యుత్ శాఖకు లోడు దరఖాస్తు వ్రాయునపుడు ఈ అవసరమును గూడ కలుపుట. మంచి ఎర్తింగు వేయించుట. సాధనములు నేడే కొననక్కరలేదు. వాహనములు పెరిగిన కొలది ఒక్కొక్కటి అమర్చుకొనవచ్చును. ఈ చిన్న ఏర్పాటును నేడు విడిచినచో, రేపు గచ్చు పగులగొట్టి, గోడలు తొలిచి, బాడుగదారుల వ్యాపారము నిలిపి చేయవలసిన పని యగును. తేలికపాటి వాహనములకు చౌకయైన ఛార్జింగు సాధనము రావలెనని భారత ప్రమాణముల సంస్థ 2021లో ప్రత్యేక ప్రమాణమును వెలువరించినది. పెద్ద యంత్రము కొనలేని వర్తకునకు ఇది అందుబాటులోని మార్గము.

మీటరు విషయమున మరొక మాట. మన రాష్ట్రమున వాహనముల ఛార్జింగునకు విద్యుత్ నియంత్రణ మండలి ప్రత్యేక తరగతి ధరను నిర్ణయించినది. దుకాణపు మీటరు నుండియే తీగ లాగినచో వ్యాపార తరగతి ధర పడును. వేరు సర్వీసు తీసికొన్నపుడే ప్రత్యేక ధర వర్తించును. 2024 నాటి కేంద్ర మార్గదర్శకములు ఉదయము 9 నుండి సాయంత్రము 4 వరకు, అనగా సూర్యుని వెలుగు మెండుగా నున్న వేళ, కేంద్రములకిచ్చు విద్యుత్తు సగటు సరఫరా వ్యయములో 0.7 వంతుకును, మిగిలిన వేళలలో 1.3 వంతుకును ఉండవలెనని సూచించినవి. మన ప్రాంతమునకు వాన కరవు గాని ఎండ కరవు లేదు. మధ్యాహ్నపు ఎండలో మిద్దెపై సౌర ఫలకములు, క్రింద నీడలో ఛార్జింగగు ఆటోలు: ఈ రెంటికిని పొత్తు కుదిరినచో ఇన్నాళ్లు మనలను మాడ్చిన ఎండయే కొంత ఋణము తీర్చుకొనును.

భద్రతను విస్మరించి సౌకర్యమును మాత్రమే పొగడుట ధర్మము కాదు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక లాడ్జి భవనపు క్రింది భాగమున నున్న విద్యుత్ స్కూటర్ల దుకాణము నుండి చెలరేగిన అగ్ని 8 మంది ప్రాణములను బలిగొన్నది. పై అంతస్తులలో బస చేసిన వారు పొగలో చిక్కుకొనిరి. ఆ సంవత్సరమే బ్యాటరీల ప్రమాణములను కఠినపరచుట జరిగినది. ఆ ఘటన మన భవన యజమానులకు చేయు హెచ్చరిక స్పష్టము. గాలి ఆడని సెల్లారులో, మెట్ల క్రింద, బయటికి పోవు దారికి అడ్డముగా ఛార్జింగు పెట్టరాదు. బయట, షెడ్డు నీడలో, గాలి వీచు చోట పెట్టవలెను. సాధారణ ప్లగ్గునకు పొడుగు తీగ తగిలించి రాత్రంతయు వదలివేయరాదు. ప్రతి సాధనమునకును వేరు బ్రేకరు, 30 మిల్లీ ఆంపియర్ల వద్దనే విద్యుత్తును తెగగొట్టు రక్షక సాధనము ఉండవలెను. వీనికగు ఖర్చును మిగుల్చుకొనుట లాభము కాదు, అపాయమును కొని తెచ్చుకొనుట.

జీవనోపాధి ప్రశ్నను గూడ దాటవేయరాదు. మన సమాజమున మెకానిక్కులు, వెల్డర్లు, ఆటో డ్రైవర్లు, బ్యాటరీ షాపుల వారు గణనీయముగా నున్నారు. ఇంజనుండని బండి వచ్చినపుడు ఇంజను విప్పు చేతికి పనియేమి? మార్కాపురము ఈ ప్రశ్నను ఇంతకు ముందే ఒకసారి ఎదుర్కొన్నది. దేశమంతట బిడ్డల చేతులలో మన ఊరి పలక ఉండెడిది. నోటు పుస్తకము, ప్లాస్టిక్కు పలక వచ్చి దాని స్థానమును ఆక్రమించినవి. పలకల పనిపై బ్రతికిన కుటుంబములు ఆ మార్పును ముందుగా గ్రహింపలేక నష్టపోయినవి. వారికి ముందుగా చెప్పినవారును లేరు. ఆ తప్పిదము తిరిగి జరుగరాదు. విద్యుత్ బండికిని బ్రేకులు, టైర్లు, బేరింగులు కలవు. మోటారు, కంట్రోలరు, బ్యాటరీ మరమ్మతులు కలవు. పూర్వము లారీ బ్యాటరీలకు ఛార్జింగు పెట్టి ఇచ్చిన చిన్న దుకాణముల వారికి ఈ వృత్తి పూర్తిగా కొత్తదియు కాదు. కావలసినది శిక్షణ. అది షెడ్డు మూతపడిన పిదప గాక ముందే అందవలెను.

ఇచటనే మన కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి. మన పట్టణములలో మసీదులకు, దర్గాలకు, విద్యాసంస్థలకు చెందిన దుకాణముల వరుసలు కలవు. ఆ ఆస్తి ఏ ఒక్కరిదియు కాదు, అది అమానత్. వాని బాడుగ ధర్మకార్యములకును, విద్యకును వినియోగపడుచున్నది. అమానత్‌ను కాపాడుట అనగా గోడలకు సున్నము కొట్టించుట మాత్రమే కాదు. కాలము మారినను దాని విలువ తరుగకుండ చూచుట గూడ. రేపు వాహనము నిలుచు వసతి, ఛార్జింగు వసతి గల దుకాణమునకే గిరాకీ చేరును. కావున ఇట్టి దుకాణములను కట్టునపుడును, మరమ్మతు చేయునపుడును, నిబంధనల మేరకు కమిటీ తీర్మానముతో ఈ ఏర్పాటును చేర్చవలెనని కోరుచున్నాము. గొట్టము, ప్రధాన తీగ, మీటరు యజమాన్యము వంతు. సాధనము, నిర్వహణ బాడుగదారు వంతు. యూనిటు ధరను ఉర్దూలోను, తెలుగులోను బోర్డుపై వ్రాసి అందరికి కనబడునట్లు పెట్టుట ఉభయుల వంతు. ధర గంట లెక్కన గాక యూనిటు లెక్కననే ఉండవలెను. పేదవాని బండి నెమ్మదిగా ఛార్జింగు పట్టును. గంట లెక్క అతనికి అన్యాయము చేయును.

విద్యార్థులకు గూడ ఒక పని అప్పగింతుము. ఒక వారము రోజులు బస్టాండు, మార్కెట్టు, ఆసుపత్రి వీధి, స్టేషను దారి, ఈ నాలుగు చోట్ల ఏ వాహనములు ఎన్ని నిలుచుచున్నవో, ఎంతసేపు నిలుచుచున్నవో వ్రాసికొని రండు. భౌతిక శాస్త్ర విద్యార్థులు దాని నుండి లోడును లెక్కింతురు గాక; వాణిజ్య శాస్త్ర విద్యార్థులు ఆదాయ వ్యయములను తేల్తురు గాక. ఆ కాగితము చేత బట్టుకొని పురపాలక అధికారులను, విద్యుత్ శాఖ వారిని కలిసినచో మన మాటకు బరువు కలుగును. ఊహపై వేసిన కేంద్రము ఖాళీగా పడియుండును. లెక్కపై వేసినది నిలిచి బ్రతుకును. ఆరంభముగా మన కళాశాల ఆవరణలోనే, బయట నీడలో, ఉపాధ్యాయుల, విద్యార్థినుల స్కూటర్లకు నాలుగు సాధనములు పెట్టి ఒక సంవత్సరము నడిపి చూచిన బాగుండును. అందులోని లోటుపాట్లు మనకే తెలియును. తెలిసినది ఊరికి చెప్పగలము.

"వాహనములు వచ్చిన పిదప చూతములే" యను వారికి మా ప్రత్యుత్తరము కంభం కట్టయే చెప్పుచున్నది. నీరు నిండిన పిదప తూము పెట్టుట సాధ్యము కాదు. మన పట్టణములు నేడు కట్టుచున్న కట్టడములు ముప్పది, నలువది ఏండ్లు నిలుచునవి. వానిని చూచి రేపటి తరము మనలను తలచుకొనునో, తప్పుపట్టునో నేటి రెండు గొట్టములపై ఆధారపడియున్నది. కమిటీ పెద్దలు రానున్న సమావేశమున ఈ విషయమును చర్చింతురనియు, విద్యార్థులు లెక్కల పుస్తకములతో బజారునకు కదలుదురనియు ఆశించుచున్నాము.